తుపాకీ ఉన్న పల్లెవెలుగు

గంగాధరప్ప ముప్పై ఏళ్ల పైచిలుకు బస్సు నడిపి, ఒక్క మేకపిల్లను కూడా తొక్కకుండా రిటైరయ్యాడు. ఈ మాట చెప్పింది ఎవరో కాదు, ఆయనే. హిందూపురంలో ఆయన వీధిలో ఈ సంగతి తెలియనివాళ్లు ఉన్నారంటే వాళ్లు నిన్న గాక మొన్న ఇల్లు మారి వచ్చినవాళ్లై ఉండాలి. ఆయన ఈ మాట ఎత్తుకున్నప్పుడల్లా భార్య జయలక్ష్మమ్మ వంటింట్లోంచి ఒక చురక అంటిస్తుంది. "మేకపిల్లను తొక్కల్యా, కండక్టరును మాత్రం నడిదోవలో వదిలేసి వచ్చినాడు." అంతే, ఆయన నోరు మూతపడుతుంది. వినేవాళ్లు మెల్లగా లేచి వెళ్లిపోతారు.

ఆమె అన్నది అబద్ధం కాదు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బండికి గంగాధరప్ప డ్రైవరు, ధర్మవరం మనిషి చెన్నకేశవులు కండక్టరు. ఇరవై ఏళ్లు ఇద్దరిదీ ఒకటే బండి, ఒకటే దారి, ఇంచుమించు ఒకటే టిఫిన్ క్యారియరు. డ్రైవరు సీటులో కూర్చున్నవాడికి వెనక ఏం జరుగుతుందో తెలియదు. ముసలమ్మ ఎక్కిందా, టమోటా బుట్ట లోపలికి వచ్చిందా, మెట్టు మీద నిలబడ్డవాడి రెండో కాలు పైన ఉందా కింద ఉందా, అన్నిటికీ ఒక్కటే ఆధారం. వెనక నుంచి కండక్టరు "రైట్ రైట్" అనాలి. చెన్నకేశవులు అననిదే గంగాధరప్ప బండి అంగుళం కదిలేది కాదు. ఎవరెంత తొందరపెట్టినా, ఆఖరికి పైఅధికారి కిటికీలోంచి అరిచినా సరే, ఆయన చెవి మాత్రం వెనకవైపే ఉండేది.

అలాంటి చెవి ఒక్కసారి మోసపోయింది. రిటైరు కావడానికి ఇంకో వారం ఉందనగా, పెనుకొండ బస్టాండులో చెన్నకేశవులు కంట్రోలరు దగ్గర కాగితంలో టైము వేయించుకోవడానికి కిందికి దిగాడు. వెనక సీటులో ఒక కాలేజీ కుర్రాడు సరదా పుట్టి, గొంతు మార్చి, "హోల్డాన్... రైట్ రైట్" అని బండి రేకు మీద రెండు దెబ్బలు వేశాడు. గంగాధరప్ప పోనిచ్చేశాడు. ఊరు దాటి చాలా దూరం పోయాక ఒక ముసలాయన "టికెట్టు ఎవురు కొడతారప్పా?" అని అడిగితే గానీ సంగతి బయటపడలేదు. బండి పక్కకు ఆపి అందరూ ఎదురుచూశారు. కాసేపటికి చెన్నకేశవులు వచ్చాడు. ఎలా వచ్చాడనుకున్నారు? లగేజీ ఆటోలో, టమోటా పెట్టెల మధ్య, మెడలో సంచీని కావలించుకుని వచ్చాడు. బస్సులో ఉన్న జనమంతా పడీ పడీ నవ్వారు. ఆయన ఎక్కి, ఎవరి మొహమూ చూడకుండా "రైట్" అన్నాడు. ధర్మవరం చేరేదాకా గంగాధరప్పతో ఆ మాట తప్ప ఇంకోటి అనలేదు, మరునాడే వేరే బండికి డ్యూటీ మార్పించుకున్నాడు.

వారం తిరిగాక డిపోలో సన్మానం జరిగింది. పూలదండ వేశారు, శాలువా కప్పారు, మేకపిల్ల గురించి పొగిడారు. చెన్నకేశవులు రాలేదు. తర్వాత ఎవరి ద్వారానో ఒక మాట చేరింది. "వదిలేసి పోయినందుకు కాదప్పా నా బాధ. ఇరవై యేండ్లు నా గొంతు విన్న మనిషికి ఎవుడో పిల్లోడు అరిస్తే తేడా తెలీలేదా? అట్లయితే నేనైనా ఒకటే, వాడైనా ఒకటే."

గంగాధరప్ప మాట కలపాలని చూశాడు. ఫోను చేస్తే అవతల ఎత్తరు. ఎవరి పెండ్లిలోనో పక్కపక్క విస్తళ్ల ముందు కూర్చోబెట్టినా చెన్నకేశవులు తలవంచుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవాడు. నాలుగేళ్లుగా ఇదే తంతు. 'తిడితే బాగుండు, ఒక్కసారి నోరు విప్పి నాలుగు తిట్లు తిడితే అన్నం సయిస్తుంది' అనుకునేవాడు గంగాధరప్ప. ఆ ఆశ ఒక్కటి తప్ప ఆయనకు వేరే కోరికలు పెద్దగా లేవు.

ఇలా ఉండగా మనవరాలు గీతాంజలి డిగ్రీ చదవడానికి అమరాపురం నుంచి వచ్చి వీళ్లింట్లో దిగింది. పుస్తకాల సంచీతో పాటు ఒక కంప్యూటరూ, దానికి తగిలించే ఆటస్టీరింగూ, కింద పెట్టే పెడళ్లూ తెచ్చింది. చదువు ఎంత సాగిందో సరస్వతికి తెలియాలి గానీ, సాయంత్రమైతే చెవులకు డిప్పలు తగిలించుకుని తన జట్టుతో కలిసి యుద్ధం చేసేది. జట్టులో మొబైల్ షాపు దినేష్, జాన్, ఇంకో కుర్రాడు ఉన్నారు. పెనుకొండలో ఒక కళ్యాణ మండపం అద్దెకు తీసుకుని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం జట్లకు పోటీ పెడుతున్నారట. దానికి సాధన.

అయితే ఆ జట్టుకు ఒక రోగం ఉంది. అందరికీ ట్యాంకే కావాలి. పెద్ద ఫిరంగి, పెద్ద చప్పుడు, పెద్ద పేరు! ఐఎఫ్‌వి అని ఇంకో బండి ఉంది. సైనికులను మోసుకుపోయేది. దాన్ని ముట్టేవాడు లేడు. ఒకవేళ దినేష్ ముట్టినా, దాని నెత్తిన కూడా చిన్న ఫిరంగి ఉంది కదా అని సైనికులను నడిదారిలో వదిలి నేరుగా ట్యాంకుల మీదికి ఉరికేవాడు, బూడిదై తిరిగి వచ్చేవాడు. కాళ్లీడ్చుకుంటూ వెనక వస్తున్నవాళ్లు దారిలోనే రాలిపోయేవారు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరు?

గీతాంజలి కళ్లు తాత మీద పడ్డాయి.

"తాతా, ఊరికే కూర్చోని మేకపిల్ల కథ చెప్పేదానికి బదులు ఈ బండి తోలరాదా?"

"యుద్ధాలు నాకు తెలీవు పాపా."

"యుద్ధం మేం చేస్తాం. ఇది ట్యాంకు కాదు. దీని పని ఏందంటే మనుషుల్ని కడుపులో పెట్టుకోని, తూటా తగలకుండా తీసుకపోయి, కోట దగ్గర దింపల్ల. వాళ్లు కొట్లాడేటప్పుడు వెనకాల నిలబడి కాపు కాయల్ల. అయిపోతానే మళ్లా ఎక్కించుకోని రావల్ల."

గంగాధరప్ప కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. "అంటే బస్సే గదా!"

"బస్సే. తుపాకీ ఉండే బస్సు."

ఆయన బండిని తెర మీద చుట్టూ తిప్పి చూపించమన్నాడు. టైర్లకు బదులు ఇనుప పట్టాలు. కిటికీలు లేవు. డోరు వెనకాల ఉంది. "వెనకాల డోరు పెడితే ముసలోళ్లు ఎట్ల ఎక్కుతారు?" అని పెదవి విరిచాడు. ఆ డోరు పలకలాగా నేల మీదికి వాలడం చూశాక మాత్రం మెచ్చుకున్నాడు. "ఇది బాగుండాది. బుట్టలు ఎక్కించేదానికి అనువు."

"మీట నొక్కితే పొగ గూడా వదుల్తాది తాతా. శత్రువులకు కనపడకుండా పోవచ్చు."

"ఇందులో కొత్తేముండాది? నేను తోలిన మొదటి బండి మీట నొక్కకుండానే వదుల్తాండె."

ఆ రోజు నుంచి ఆ బండికి పల్లెవెలుగు అనే పేరు స్థిరపడింది. పిల్లలు కూడా అలాగే పిలవసాగారు. దినేష్ తెచ్చిన ఇంకో కంప్యూటరులో గీతాంజలి తాత పక్కనే కూర్చుని ఆడేది.

తోలడం ఆయనకు రెండు రోజుల్లో పట్టుబడింది. గుంతలు తప్పించడం, మలుపులో వేగం తగ్గించడం, ఎదురుగా పెద్ద బండి వస్తే పక్కకు ఒదగడం, ఇవన్నీ కొత్తగా నేర్చుకోవలసినవి కావు. చిక్కంతా వేరే చోట వచ్చింది. ఒకరోజు సైనికుడొకడు రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తాడు. గంగాధరప్ప పద్ధతిగా పక్కకు తీసి ఆపాడు. వాడు శత్రువు. చెయ్యెత్తింది బాంబు విసరడానికి.

"యాల ఆపినావు తాతా?" అని గీతాంజలి తల పట్టుకుంది.

"చెయ్యెత్తినాడు గదమ్మా!"

అది మెల్లగా మాన్పించారు. రెండో చిక్కు మాత్రం కుక్కతోక వంకరే అయింది. అందరూ బండెక్కుతారు, డోరు మూసుకుంటుంది, మీద గుండ్లు పడుతుంటాయి. గంగాధరప్ప ఇంజను ఆన్‌లో పెట్టుకుని కదలకుండా కూర్చుంటాడు.

"పో తాతా, పో!"

"రైటనల్యా ఎవురూ."

"రైట్ రైట్! పో!"

"నువ్వు ఈడ నా పక్కన కూర్చోనుండావు. వెనకాల అందరూ ఎక్కినారని నీకెట్ల తెలుస్తాది?"

ఈ తర్కం సాగుతుండగానే బండి మీద క్షిపణి పడేది. దినేష్ అన్నాడు, దినేష్ తర్వాత జాన్ అన్నాడు. జాన్‌ది పిల్లికూతలా ఉందన్నాడు ఆయన. దినేష్‌ది చెక్‌పోస్టు దగ్గర లారీ క్లీనరు అరిచినట్టు ఉందన్నాడు. ఒక్కసారి వాళ్ల పోరు పడలేక కదిలించాడు గానీ, అప్పుడు నిజంగానే ఇద్దరు కింద మిగిలిపోయి చచ్చారు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. జయలక్ష్మమ్మ మనవరాలితో చెప్పింది. "మీ తాత చెవుడు కాదే. ఆ చెవి ఒక్క గొంతుకే అమ్ముడుపోయిండాది."

గీతాంజలి ఆలోచించింది. ఆదివారం ఎవరికీ చెప్పకుండా ధర్మవరం బస్సెక్కింది.

చెన్నకేశవులు కొడుకు పట్టుచీరలకు డిజైన్లు గీసే పని చేస్తాడు. ముందు గదిలో కంప్యూటరు మీద హంసలూ మామిడిపిందెలూ అంచుల్లో బారులు తీరి ఉన్నాయి. ఈపాటికి తనూ రిటైరైన చెన్నకేశవులు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఎవరమ్మాయివో చెప్పగానే ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. ఈ పిల్ల గడుసుది. రాజీ మాట ఎత్తనే లేదు.

"తాతా, మా తాత యుద్ధంలో పల్లెవెలుగు తోల్తాండాడు. కండక్టరు లేడు. మొన్న ఇద్దర్ని ఎక్కించుకోకుండానే పోయినాడు. ఇద్దరూ సచ్చినారు."

చెన్నకేశవులు గ్లాసు కింద పెట్టాడు. "ప్యాసింజర్లు సచ్చినారా?"

"ఆటలో తాతా."

"ఆటైతే మాత్రం? కండక్టరు లేకుండా సర్వీసు యాడన్నా నడుస్తాదా?" అని లేచి నిలబడ్డాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు కూర్చున్నాడు. "నేను వచ్చేది ప్యాసింజర్ల కోసరం. డ్యూటీ మాట తప్ప ఇంగొక మాట నా నోట్లోంచి రాదు. బాగుండావా అన్నా పలకను. పోయి చెప్పు మీ తాతకి."

ఆ సాయంత్రం ధర్మవరంలో కొడుకు కంప్యూటరు మీది హంసలు పక్కకు జరిగి ఆటకు చోటిచ్చాయి. చెన్నకేశవులుకు బండిలో కమాండరు సీటు ఇచ్చారు. తుపాకీ ఆయన చేతిలోనే ఉంటుంది, చుట్టూ కనబడేది కూడా ఆయనకే. హిందూపురంలో గంగాధరప్ప చెవులకు డిప్పలు పెట్టుకుని, ఎప్పటిలాగే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మనవరాలు ఆయనకు ఏమీ చెప్పలేదు. అందరూ ఎక్కారు. డోరు మూసుకుంది. చెవిలో ఒక గొంతు పలికింది.

"హోల్డాన్."

గంగాధరప్ప వేళ్లు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

"ముందుకు జరగండప్పా, ముందర ఖాళీ ఉండాది. ఆ పిలగోడు కాలు లోపల పెట్టుకో. ఆఁ... రైట్ రైట్."

పల్లెవెలుగు కదిలింది. గుట్టలు దాటింది, పొగ వదిలింది, గుండ్ల మధ్యలోంచి నీళ్లలో చేపలాగా పోయి కోట గోడ దగ్గర సున్నితంగా ఆగింది. అందరూ క్షేమంగా దిగారు. గంగాధరప్ప కళ్లు తుడుచుకుంటుంటే ఏమైందని గీతాంజలి అడిగింది. దుమ్ము పడిందన్నాడు. కిటికీలు మూసిన గదిలో, తెర మీద లేచిన దుమ్ము ఆయన కంట్లో పడిందట.

అప్పటి నుంచి ఆయనకు మధ్యాహ్నం మూడు కాగానే కాలు నిలవడం మానేసింది. సాధన సాయంత్రం ఆరింటికి. "పెండ్లిచూపుల నాడు గూడా మీ తాత ఇంత సంబరపడల్యా" అంది జయలక్ష్మమ్మ. చెన్నకేశవులు పనితనం కూడా చూడవలసిందే. శత్రువు కనబడితే టికెట్టు లేనివాణ్ణి పట్టుకున్నంత పట్టుదలగా కాల్చేవాడు. ట్యాంకులు కనబడితే మాత్రం "అది మన రూటు కాదు" అని వదిలేసేవాడు. మాట తప్పని మనిషి. గంగాధరప్ప ఎన్ని రకాలుగా మాట కలపాలని చూశాడో లెక్కలేదు.

"ఈడ వాన వచ్చింది. ఆడ ఎట్లుండాది?"

"హోల్డాన్."

"మోకాలి నొప్పి తగ్గిందా నీకు?"

"ముందుకు జరగండి, ముందర ఖాళీ ఉండాది."

"కేశవులూ, ఆ పొద్దు పెనుకొండలో..."

"రైట్ రైట్."

అవతల కొండ ఉన్నా గుండం ఉన్నా రైట్ అంటే పోవలసిందే కాబట్టి గంగాధరప్ప మాట మింగి గేరు మార్చేవాడు. అసలు ఆ బండికి గేర్లు లేవు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ పోయేది. పెనుకొండలో ఎదురెదురుగా కూర్చుంటాం కదా, అక్కడైనా ఒక మాట దొరకకపోతుందా అని రోజులు నెట్టాడు.

పోటీ రోజు కళ్యాణ మండపంలో పెండ్లికి వేసిన సీరియల్ లైట్లు ఇంకా తీయలేదు. వధూవరుల వేదిక మీద రెండు వరుసల కంప్యూటర్లు పెట్టారు. కింద ప్లాస్టిక్ కుర్చీల్లో జనం. చెన్నకేశవులు ముందే వచ్చి వరుసలో అటు చివర కుర్చీ పట్టుకున్నాడు. ధర్మవరం పిల్లలు ఆయన్ని చుట్టుముట్టి ఆటపట్టించారు. "ఏం తాతా, సొంత ఊరోళ్ల మీదికే వస్తాండావు?"

"కండక్టరుకు ఊరేందిరా? రూటు ఉంటాది, అంతే."

గంగాధరప్ప చేతిలో డబ్బాతో దగ్గరికి వెళ్లాడు. ఒబ్బట్లంటే చెన్నకేశవులు చెవి కోసుకుంటాడని జయలక్ష్మమ్మ పొద్దున్నే లేచి చేసి పంపింది. "ఇంట్లో చేసినారు" అని మూత తీశాడు.

"డ్యూటీలో తినను" అన్నాడు చెన్నకేశవులు, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. ఇరవై ఏళ్లు డ్యూటీలోనే ఆ ఇంటి క్యారియరు ఖాళీ చేసిన మనిషి అన్న మాట అది. గంగాధరప్ప మూత పెట్టుకుని ఇటు చివర తన కుర్చీకి వచ్చేశాడు. ఈ ప్రయాణం కూడా వృథాయే అని ఆయన మనసుకు తెలిసిపోయింది. చాలా కష్టమనిపించింది.

పెనుకొండ జట్టు మొదటి ఆటలోనే పోయింది. వాళ్లందరూ ట్యాంకులెక్కారు, మోసేవాడు లేడు. ఆఖరి ఆట హిందూపురానికీ ధర్మవరానికీ. కోటలోంచి ఒక పెట్టె తెచ్చి, బండిలో పెట్టుకుని, వాగు మీది వంతెన దాటినవాళ్లదే గెలుపు. పడిపోయినవాడికి ఆటలో గొంతు మూగబోతుంది. వినబడుతుంది గానీ మాట బయటికి పోదు. పక్కవాడికి కేకేసి చెప్పడం నిషేధం. ఎవరూ అలా అరవకుండా చూడటానికి ఒక కుర్రాడు వెనక నిలబడి ఉన్నాడు.

పల్లెవెలుగు ఆ రోజు చక్కగా నడిచింది. కోట దగ్గర దింపింది, వెనక నిలబడి కాపు కాసింది. గీతాంజలి పెట్టెతో పరుగెత్తి వచ్చి ఎక్కింది. దినేష్ ఎక్కాడు, ఇంకో కుర్రాడు ఎక్కాడు. జాన్ దెబ్బ తిని కుంటుకుంటూ వెనకబడ్డాడు. కమాండరుకు కిందికి దిగే పని లేదు. సీటులో కూర్చుని కాల్చుకుంటే చాలు. కానీ తడబడుతూ వచ్చే ప్యాసింజరును చూసి సీటులో కూర్చోవడం చెన్నకేశవులుకు చేతకాదు. దిగాడు. జాన్‌ను రెక్క పట్టుకుని లోపలికి తోశాడు. అంతలో ఎక్కడి నుంచో తూటా వచ్చి తగిలింది. చెన్నకేశవులు బండి వెనక మట్టిలో పడిపోయాడు. గొంతు ఆగిపోయింది.

ముందు కూర్చున్న గంగాధరప్పకు ఇదేమీ తెలియదు. ఆయన చూపు వంతెన మీద ఉంది, చెవి వెనక ఉంది.

"పో తాతా! పెట్టె మన దగ్గరుండాది! వంతెన దాటితే అయిపోయింది!" గీతాంజలి అరుస్తోంది.

"రైటనల్యా."

"తాతా, టైము అయిపోతాంది!"

దినేష్‌కు తెలివి ఎక్కువ. వారాల తరబడి ఆ గొంతు వింటూనే ఉన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముక్కులోంచి సాగదీసి, అచ్చు చెన్నకేశవులు లాగానే అన్నాడు. "హోల్డాన్... రైట్ రైట్!"

ఎంత బాగా అన్నాడంటే గీతాంజలి కూడా తిరిగి చూసింది. గంగాధరప్ప పాదం పెడలు మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఊరు పెనుకొండే. వెనక ఒక కుర్రాడి గొంతు. అన్నీ మళ్లీ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఈసారి ఆయన విన్నాడు.

"అది వాని గొంతు కాదు" అన్నాడు. "వాడు ఇంగా ఎక్కల్యా."

"ఎక్కల్యా తాతా, పడిపోయినాడు! వదిలెయ్. ఆట గదా, మళ్లా బతుకుతాడు!"

"ఒకతూరి వదిలేసినా గదమ్మా. అది చాలు."

పల్లెవెలుగు వంతెన వైపు పోలేదు. రివర్సులో వెనక్కి వచ్చింది. మెల్లగా, ముసలమ్మ కోసం ఆగినట్టుగా ఆగి, వెనక డోరు మట్టి మీదికి వాల్చింది. పడి ఉన్న మనిషి ముందు ఆ పలక ఆనిందో లేదో, ధర్మవరం వాళ్ల క్షిపణి వచ్చి తగిలింది. తెరంతా మంట. తర్వాత నలుపు. కింద కుర్చీల్లో ఈలలు, కేకలు. ధర్మవరం పిల్లలు ఒకరినొకరు ఎత్తుకున్నారు. గీతాంజలి డిప్పలు తీసి బల్ల మీద విసిరేసింది. ఆమెకు ఏడుపు వచ్చింది. వారాల కష్టం మరి.

గంగాధరప్ప స్టీరింగు వదల్లేదు. అటు చివర కుర్చీ జరిగిన చప్పుడైంది. అడుగులు దగ్గరికి వచ్చాయి. సరిగ్గా ఆయన కుర్చీ వెనక, కండక్టరు నిలబడే చోట ఆగాయి.

"ఎవురప్పా నిన్ను రివర్సు కొట్టమనింది?" అన్నాడు చెన్నకేశవులు. "నేను చెప్పినానా? బుద్ధి ఉండాదా నీకు? నేను చెప్పకుండా వెనక్కి వస్తే, వెనకాల ఎవురుండారో నీకెట్ల తెలుస్తాది?"

గంగాధరప్ప వెనక్కి తిరగలేదు. తిరిగితే అందరికీ కళ్లు కనబడతాయి.

"నువ్వుండావని తెలుసు" అన్నాడు.

చెన్నకేశవులు ఇంకా తిట్టబోయాడు. అది మానుకుని చెయ్యి ఎత్తి కుర్చీ వెనక రేకు మీద రెండు దెబ్బలు వేశాడు. అది చూసి గీతాంజలి కళ్లు తుడుచుకుంది. "సరేలే, మేకపిల్ల కథకి ఇది గూడా కలుపుకో తాతా" అంది. కోపం పూర్తిగా పోలేదు, ఒక సగం పోయింది. దినేష్ మాత్రం తన రైట్‌కు ఏం తక్కువైందో చెప్పమని ఇద్దరి వెంటా పడ్డాడు. ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం బస్టాండులో హిందూపురం బండి ఇంకా రాలేదు. ధర్మవరం బండి మాత్రం సిద్ధంగా ఉంది. ముసలివాళ్లిద్దరూ టీ కొట్టు ముందు నిలబడ్డారు. గీతాంజలి కాస్త దూరంగా ఫోనులో ఓటమిని జయలక్ష్మమ్మకు విడమరిచి చెబుతోంది. గంగాధరప్ప గొంతు సవరించుకున్నాడు.

"కేశవులూ, ఆ పొద్దు..."

"ఆ పొద్దు మాట ఎత్తొద్దు. దినేష్‌గాడు రైటన్నప్పుడు నేనూ విన్నా. నువ్వేమన్నావో అదీ విన్నా." చెన్నకేశవులు టీ ఊదుకున్నాడు. "నిజం చెప్తాండా, ఒక గడియ నాకే అనుమానమొచ్చింది, అన్నది నేనేనేమో అని. ఆ ఒబ్బట్లు యాడ పెట్టినావు?"

గంగాధరప్ప డబ్బా మూత తీశాడు. చెన్నకేశవులు రెండు కలిపి ఒకేసారి మడిచాడు. వెనక ధర్మవరం బండి కండక్టరు, కొత్త కుర్రాడు, రేకు మీద కొట్టి "రైట్ రైట్" అన్నాడు. బండి కదిలింది. గంగాధరప్ప ఉలిక్కిపడి గ్లాసు పక్కన పెట్టి చెయ్యెత్తాడు.

"ఓయ్, హోల్డాన్! కేశవులూ, నీ బండి పోతాంది! మళ్లా ఈడనే మిగిలిపోతావు!"

చెన్నకేశవులు ఆ ఎత్తిన చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"పోనీలేప్పా. ఇంగోటి వస్తాది" అన్నాడు. "నువ్వింకో టీ చెప్పు."